ఇరుకు ట్రాకులో స్టీరింగ్ వీల్: హెయిర్‌పిన్ దగ్గర టైము ఎక్కడ పోతుంది

రాయగడ, జయపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగిళ్లలో రేసింగ్ గేముల కోసం స్టీరింగ్ వీల్ కొన్న కుర్రాళ్లు చెప్పే ఫిర్యాదు దాదాపు ఒకటే. మోంజా, స్పా లాంటి వెడల్పాటి ట్రాకుల మీద వీల్ హాయిగా ఉంటుంది. మొనాకోకో, త్సుకుబాకో వెళ్లేసరికి పాత గేమ్‌ప్యాడే నయమనిపిస్తుంది. హెయిర్‌పిన్ (దాదాపు వెనక్కి తిరిగిపోయే మలుపు) దగ్గర చేతులు చాలవు, బండి తిరగదు, తిరిగిందనుకునేసరికి గోడ తగులుతుంది. నాలుగు రోజులకి వీల్ అట్టపెట్టెలోకి వెళ్లిపోతుంది.

ఫిర్యాదు అబద్ధం కాదు. తప్పు మాత్రం చేతుల వేగానిది కాదు. ఇరుకు ట్రాకులో వీల్ పట్టినవాళ్లకి టైము పోయేది మూడు చోట్ల. చేతిలో చక్రం తిరిగే కోణానికీ గేములో కారు అర్థం చేసుకునే కోణానికీ పొంతన ఉండదు. బ్రేకు పెడల్ సగం నొక్కుడులో ఏం చేస్తోందో కాలికి తెలియదు. టైరు పట్టు అయిపోయాక కూడా చేతులు చక్రాన్ని ఇంకా తిప్పుతూనే ఉంటాయి. సరిచేసుకోవాల్సింది కూడా ఈ వరసలోనే. కోణం కుదరకుండా చేతివాటం నేర్చుకుందామంటే, నేర్చుకున్నదంతా ఆ తప్పు కోణానికే అలవాటవుతుంది.

మలుపులు ఎక్కువున్నంత మాత్రాన ఇరుకు ట్రాకు అయిపోదు; తప్పు చేయడానికి చోటు లేనిదే ఇరుకు ట్రాకు. మొనాకో 3.337 కి.మీ. పొడవు, అందులో 19 మలుపులు. మకావ్‌లోని గియా సర్క్యూట్ 6.12 కి.మీ. ఉన్నా కొన్నిచోట్ల వెడల్పు 7 మీటర్లే. అందులోంచి సుమారు 2 మీటర్ల వెడల్పున్న కారు దూరాలి. 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల) పోటీ జరిగిన హుస్సేన్ సాగర్ ఒడ్డు వీధి ట్రాకు కూడా ఈ కోవదే: 2.83 కి.మీ., 18 మలుపులు, రెండు పక్కలా గోడలు. జపాన్‌లోని త్సుకుబాలో గోడలు అంత మీదికి రావు గానీ 2.045 కి.మీ.లోనే రెండు హెయిర్‌పిన్‌లున్నాయి, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. సాధనకి అంతకన్నా మంచి ట్రాకు దొరకడం కష్టం.

ప్యాడ్ ఎందుకు తేలికనిపిస్తుంది

గేమ్‌ప్యాడ్ మీద బొటనవేలు కదిలే దూరం చాలా తక్కువ. ఆ కాస్త కదలికని గేము ఉన్నదున్నట్టు కారుకి పంపదు, వడపోసి పంపుతుంది. వేగం పెరిగేకొద్దీ ముందు చక్రాలు తిరిగే కోణాన్ని తనే తగ్గిస్తుంది. ప్యాడ్ మీది స్టిక్‌ని ఒక్కసారిగా చివరికి తోసినా చక్రాలు ఒక క్రమంలోనే తిరుగుతాయి. కొన్ని గేముల్లో టైరు పట్టు దాటేంత కోణం అసలు ఇవ్వనే ఇవ్వదు. అంటే ప్యాడ్ ఆటగాడి పనిలో సగం సాఫ్ట్‌వేరే చేసిపెడుతోంది.

వీల్ తగిలించగానే ఈ సాయం చాలావరకు ఆగిపోతుంది. చేయి ఎంత తిప్పితే కారుకి అంత అందుతుంది, ఎక్కువైనా తక్కువైనా. కోణాన్ని మిల్లీమీటరు తేడా లేకుండా పట్టి ఉంచడం, టైరు జారడం చేతికి తెలియడం లాంటి లాభాలన్నీ ఉన్నాయి గానీ, అవి అందాలంటే ముందు లెక్క కుదరాలి.

కోణం లెక్క

మామూలు రోడ్డు కారు స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి సుమారు 900 డిగ్రీలు, అంటే రెండున్నర చుట్లు తిరుగుతుంది. రేసు కార్లకి అంత ఉండదు. అసెట్టో కోర్సా కాంపిటీజియోనె అనే గేములో ఫెరారీ 488 జీటీ3కి మొత్తం 480 డిగ్రీలు, మెర్సిడెస్ జీటీ3కి 640, పోర్షే 991 జీటీ3 ఆర్‌కి 800. ఫార్ములా 1 గేముల్లో కారు స్టీరింగ్ 360 డిగ్రీల దగ్గర ఉంటుంది. డర్ట్ ర్యాలీ 2.0లో ఈ కాలపు ర్యాలీ కార్లకి 540.

హెయిర్‌పిన్‌లో దీని ప్రభావం చిన్న లెక్కతో తేలిపోతుంది. స్టీరింగ్ కోణాన్ని స్టీరింగ్ నిష్పత్తితో భాగిస్తే ముందు చక్రాల కోణం వస్తుంది. 900 డిగ్రీల కారులో ఒక పక్కకి 450; నిష్పత్తి 15 అయితే ముందు చక్రాలు 30 డిగ్రీలు తిరుగుతాయి. ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 2.6 మీటర్లయితే, ఆ దూరాన్ని 30 డిగ్రీల టాంజెంట్‌తో భాగించగా వచ్చే మలుపు వ్యాసార్ధం సుమారు 4.5 మీటర్లు. అదే పొడవున్న రేసు కారులో ఒక పక్కకి 240 డిగ్రీలు, నిష్పత్తి 12 అనుకుంటే చక్రాలు తిరిగేది 20 డిగ్రీలే, వ్యాసార్ధం 7 మీటర్లు దాటుతుంది. 2022 నుంచి 2025 వరకు ఫార్ములా 1 నిబంధనలు ఇరుసుల మధ్య 3.6 మీటర్ల దాకా అనుమతించాయి. అంత పొడుగు కారుకి ముందు చక్రాలు 14 డిగ్రీలే తిరిగితే 14 మీటర్ల పైచిలుకు చోటు కావాలి. 20 డిగ్రీలు తిరిగితే 10 మీటర్లకి దిగుతుంది. అందుకే మొనాకో వారానికి జట్లు చక్రాలు మామూలు కన్నా ఎక్కువ తిరిగేలా స్టీరింగ్ భాగాలు మారుస్తాయి. కారుకే అంత కష్టమైన మలుపులో, సెట్టింగ్ తప్పడం వల్ల మన చేతి కోణంలో సగం వృథా అయితే ఇంకేం మిగులుతుంది?

ఆ వృథా ఎలా జరుగుతుందో చూద్దాం. లాజిటెక్ జీ29, జీ920, జీ923 వీల్స్ 900 డిగ్రీలు తిరుగుతాయి. థ్రస్ట్‌మాస్టర్ టీ300, టీ150 అయితే 1080. డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో 900 అలాగే వదిలేసి ఫార్ములా 1 గేము మొదలుపెడితే, గేము చక్రం మొత్తం తిరుగుడుని కారు మొత్తం తిరుగుడుకి సరిసమానంగా పరిచేస్తుంది. తెర మీద కారు స్టీరింగ్ 180 తిరగాలంటే చేతిలో చక్రం 450 తిరగాలి, అంటే రెండున్నర రెట్లు. మొనాకో హెయిర్‌పిన్‌లో చేతులు చాలలేదనే మాటకి నూటికి తొంభైపాళ్లు మూలం ఇదే.

దీనికి తిరగబడ్డ తప్పు కూడా అంతే తరచుగా కనిపిస్తుంది. హెయిర్‌పిన్ తిరగడం లేదని డ్రైవర్‌లో 270 పెట్టి, అదే సెట్టింగ్‌తో 900 డిగ్రీల రోడ్డు కారు నడుపుతారు. అప్పుడు చేయి 1 డిగ్రీ కదిలితే కారులో 3.3 డిగ్రీలు కదులుతుంది. హెయిర్‌పిన్ బాగానే తిరుగుతుంది గానీ, దాని తర్వాతి తిన్నటి రోడ్డులో కారు పాములా మెలికలు తిరుగుతుంది, బ్రేకు నొక్కినప్పుడు వెనకభాగం జారిపోతుంది.

సరిచేయడం అయిదు నిమిషాల పని. అసెట్టో కోర్సా లాంటి సిమ్యులేషన్ గేములకి లాజిటెక్ జీ హబ్‌లో గానీ, థ్రస్ట్‌మాస్టర్ కంట్రోల్ ప్యానెల్‌లో గానీ 900 పెట్టాలి, గేములో స్టీర్ లాక్ (చక్రం మొత్తం తిరిగే హద్దు) దగ్గరా అదే 900 ఇవ్వాలి. స్టీరింగ్ గామా 1.00, స్పీడ్ సెన్సిటివిటీ 0, డెడ్‌జోన్ 0. కారుకి ఎంత కావాలో గేమే చూసుకుంటుంది. 480 డిగ్రీల కారయితే 240 దాటాక చక్రం ఇంకా తిప్పినా ముందు టైర్లు కదలవు. ఫార్ములా 1 గేములకి డ్రైవర్‌లో 360 పెట్టి, గేములో శాచురేషన్, లీనియారిటీ, డెడ్‌జోన్ మూడూ 0 చేయాలి. ఫోర్జా హొరైజన్ 5లో స్టీరింగ్ లోపలి డెడ్‌జోన్ 0, బయటిది 100, లీనియారిటీ 50. అక్కడ 50 అంటేనే తిన్నటి గీత.

తర్వాత పరీక్ష. కారు లోపలి కెమెరా పెట్టి, బండి ఆపి ఉంచి, చక్రాన్ని సరిగ్గా 90 డిగ్రీలు తిప్పాలి. తెర మీది స్టీరింగ్ కూడా 90 దగ్గరే ఆగాలి. అది ఎక్కువ తిరిగితే మన వీల్ నిజంగా ఉన్నదాని కన్నా ఎక్కువ తిరుగుతుందని గేము అనుకుంటోందన్నమాట. తక్కువ తిరిగితే దానికి విరుద్ధం. ఈ రెండూ కలిసేదాకా ట్రాకులోకి దిగి లాభం లేదు. కొన్ని గేముల్లో తెర మీది బొమ్మ చేతులు 180 దాటి తిరగవు. 90 దగ్గరే చూడమనడం అందుకే.

మోటారు లేని, లోపల స్ప్రింగ్ మాత్రమే ఉన్న 180 లేదా 270 డిగ్రీల వీల్స్ ఈ ప్రాంతంలో చాలామంది దగ్గర ఉన్నాయి. వాటితో ఫార్ములా కార్లు పర్వాలేదు. రోడ్డు కార్లకి అసెట్టో కోర్సాలో గామాని 1 కన్నా కొంచెం పెంచితే మధ్యభాగం మెత్తబడి తిన్నటి రోడ్డులో కారు నిలకడగా పోతుంది. దానికి మూల్యం హెయిర్‌పిన్‌లో కట్టాలి: చక్రం చివరి 20, 30 డిగ్రీల్లో కోణం ఒక్కసారిగా పెరిగిపోతుంది. కాబట్టి అలాంటి వీల్‌తో హెయిర్‌పిన్‌లోకి చక్రాన్ని మెల్లగా చివరిదాకా తీసుకెళ్లాలి తప్ప విసిరినట్టు తిప్పకూడదు.

చేతులు: సుంకి ఘాటీ అలవాటు ఇక్కడ పనికిరాదు

సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఎక్కే 26వ నంబరు జాతీయ రహదారి మీద లారీ డ్రైవర్లు చక్రాన్ని చేయి మీద చేయి వేస్తూ చుట్లు చుట్లు తిప్పడం ఈ జిల్లాల్లో అందరూ చూసిందే. ఆ బండ్లకి అది అవసరం. వాటి స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగైదు చుట్లు ఉంటుంది, వేగం తక్కువ. ఆ చూపుతోనే గేములో కూర్చున్నవాళ్లు ప్రతి మలుపుకీ చేతులు మారుస్తారు. ఒకటిన్నర చుట్టు కూడా లేని రేసు కారులో అలా చేస్తే చక్రం మధ్య ఎక్కడుందో చేతికి గుర్తుండదు. మలుపులోంచి బయటపడేటప్పుడు తిన్నగా చేశామనుకుంటాం, ఇంకా 20 డిగ్రీలు ఒక పక్కకే ఉంటుంది, గోడ అక్కడే ఉంటుంది.

చేతులు గడియారంలో 9, 3 అంకెల దగ్గర ఉండాలి. అక్కడి నుంచి వదలకుండా ఒక పక్కకి 180 డిగ్రీల దాకా తిప్పొచ్చు. మోచేతులు ఒకదాని మీద ఒకటి వస్తాయంతే. ఇరుకు ట్రాకుల్లో కూడా చాలా మలుపులు ఈ 180 లోపలే అయిపోతాయి. ఫార్ములా కారులో అన్నీ అయిపోతాయి.

180 దాటేవి హెయిర్‌పిన్‌లు. వాటికి చేతిని మలుపులో మార్చకూడదు, మలుపుకి ముందే మార్చాలి. ఎడమ హెయిర్‌పిన్ తీసుకుందాం. తిన్నగా బ్రేకు నొక్కుతున్నప్పుడే కుడిచేతిని 3 నుంచి కిందికి 5 అంకె దగ్గరికి జార్చాలి. మలుపు మొదలవగానే ఆ చేత్తో చక్రాన్ని పైకి తోసుకుంటూ 3, 12 మీదుగా 9 దాకా తీసుకెళ్తే సరిగ్గా 240 డిగ్రీలు అవుతుంది. ఫెరారీ 488 జీటీ3కి ఒక పక్క మొత్తం లాక్ అంతే. ఈలోగా ఎడమచేయి చక్రాన్ని పట్టుకోదు, 9 దగ్గరే వేళ్లు వదులుగా ఉంచి అంచుని జారనిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు కుడిచేయి ఎక్కడ పట్టుకుందో అక్కడే ఉంటుంది కాబట్టి, అది మళ్లీ 5 దగ్గరికి వచ్చిందంటే చక్రం తిన్నగా ఉన్నట్టే. కళ్లతో చూడక్కర్లేదు. కుడి హెయిర్‌పిన్‌కి ఎడమచేయి 7 దగ్గరికి జారాలి.

చక్రం అంచు మీద 12 అంకె దగ్గర పసుపు రంగు ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టేయండి. ఎలక్ట్రికల్ షాపులో దొరికేదే చాలు. కారు జారి ఎదురు స్టీరింగ్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు చక్రం ఎటు ఎంత ఉందో కంటి కొసకి అది చెబుతుంది.

ఇంకా తిప్పితే ఇంకా తిరగదు

ముందు టైరు చూస్తున్న దిక్కుకీ నిజంగా పోతున్న దిక్కుకీ మధ్య కొంచెం తేడా ఉంటేనే టైరు పక్కకి పట్టు ఇస్తుంది. ఈ జారుడు కోణం పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది, చాలా టైర్లలో 6 నుంచి 10 డిగ్రీల మధ్య ఎక్కడో శిఖరానికి చేరుతుంది, తర్వాత తగ్గుతుంది. హెయిర్‌పిన్‌లోకి వేగం కాస్త ఎక్కువై బండి తిరగకపోతే చేతులు సహజంగా ఇంకా తిప్పుతాయి. అప్పటికే శిఖరం దాటేసిన టైరు ఆ అదనపు కోణంతో ఇంకా పట్టు కోల్పోతుంది, రోడ్డుని గీరుతూ వేడెక్కుతుంది, ఆ వేడి తర్వాతి రెండు మలుపుల దాకా దిగదు.

ఇక్కడే వీల్ ప్యాడ్‌ని దాటేస్తుంది. చక్రాన్ని తిన్నగా చేయాలని లాగే బలం టైరు పట్టు కన్నా కొంచెం ముందే శిఖరానికి చేరి పడిపోవడం మొదలెడుతుంది. టైరు ఇంకా పూర్తిగా జారకముందే చేతిలో చక్రం బరువు తగ్గుతుంది. ఆ తేలికదనం తెలిసిన క్షణాన 10, 15 డిగ్రీలు వెనక్కి ఇవ్వాలి. బండి ఇంకా తిరుగుతుంది. మనసు ఒప్పుకోని పని ఇది, చేయి మాత్రం అలవాటుతో ఒప్పుకుంటుంది. త్సుకుబా మొదటి హెయిర్‌పిన్‌లో మాజ్దా ఎంఎక్స్5 లాంటి తేలికపాటి కారుతో, రెండో గేరులో, కావాలనే కాస్త ఎక్కువ వేగంతో వెళ్లి ఈ బరువు తగ్గడాన్నే వెతకాలి. టైము చూడక్కర్లేదు.

ఈ కబురు చేతికి అందాలంటే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (వీల్ మోటారు చేతికి ఇచ్చే ఎదురు బలం) చివరిదాకా నిండిపోకూడదు. జీ29 లాంటి గేరు వీల్ మోటారు ఇవ్వగలిగేది సుమారు 2 న్యూటన్ మీటర్లు. చక్రం నేరుగా మోటారుకే బిగించిన (డైరెక్ట్ డ్రైవ్) మోజా ఆర్5 5.5, ఫనాటెక్ సీఎస్‌ఎల్ డీడీ 5. గేము అడిగే బలం ఆ హద్దు దాటితే మోటారు హద్దు దగ్గరే ఆగిపోతుంది, దీన్నే క్లిప్పింగ్ అంటారు. క్లిప్ అయిన వీల్‌లో బరువు తగ్గడం కనపడదు, ఎందుకంటే పెరిగిందే కనపడలేదు. అసెట్టో కోర్సాలో పెడల్స్ యాప్ తెరిచి పెట్టుకుంటే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ గడి క్లిప్ అయినప్పుడు ఎర్రగా మారుతుంది. పొడుగు మలుపులో అది ఎర్రబడకుండా ఉండేదాకా గెయిన్ (మొత్తం బలం సెట్టింగ్) తగ్గించాలి; కర్బు (ట్రాకు అంచు గట్టు) ఎక్కినప్పుడు క్షణం ఎర్రబడితే పర్వాలేదు.

చిన్న వీల్స్‌కి ఎదురు సమస్య కూడా ఉంది. గేర్ల రాపిడి వల్ల మధ్యలో కొద్ది బలాలు చేతిదాకా రావు. మినిమమ్ ఫోర్స్ అనే సెట్టింగ్ దానికే. జీ29కి 15 శాతం దగ్గర మొదలుపెట్టి, తిన్నటి రోడ్డులో చేతులు వదిలేస్తే చక్రం దానంతటది అటూ ఇటూ ఊగితే తగ్గించుకుంటూ రావాలి. బెల్టు ఉన్న టీ300కి ఇందులో మూడో వంతు చాలు. చక్రం కదలికని బరువు చేసే డ్యాంపర్ మాత్రం గేములోనూ డ్రైవర్‌లోనూ 0 దగ్గరే ఉంచాలి. అది పెంచితే చక్రం తిరిగి రావడం మందగించి, మొనాకో స్విమ్మింగ్ పూల్ లాంటి ఎడమా కుడీ మలుపుల్లో చేతులు వెనకబడతాయి.

బ్రేకు

హెయిర్‌పిన్‌లో స్టీరింగ్ పని సగమే, మిగతా సగం ఎడమకాలిది. బ్రేకు నొక్కినప్పుడు బరువు ముందుకి వస్తుంది, ముందు టైర్ల పట్టు పెరుగుతుంది. మలుపు మొదలవకముందే బ్రేకు పూర్తిగా వదిలేస్తే ఆ బరువు వెనక్కి పోతుంది, ముందు చక్రాలు జారతాయి, మళ్లీ చేతులు అదనంగా తిప్పుతాయి. వీల్ తిరగడం లేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం పెడల్‌లో ఉంటుంది.

చేయాల్సింది ఇది. తిన్నగా ఉండగా బ్రేకు గట్టిగా, చక్రం తిప్పడం మొదలుపెట్టగానే వదలడం మొదలు. చక్రం కోణం పెరిగే వేగంతోనే బ్రేకు తగ్గాలి. మలుపు లోపలి అంచు తగిలే చోట బ్రేకు 5, 10 శాతం మిగిలి ఉండి, అక్కడ సున్నా అవ్వాలి. చక్రం పూర్తి లాక్‌లో ఉండగా గ్యాస్ (యాక్సిలరేటర్) నొక్కకూడదు. నొక్కితే కారు ముక్కు బయటికే పోతుంది. ముందుగా స్టీరింగ్ కాస్త తిన్నబడాలి, ఆ వెంటనే గ్యాస్.

మొనాకో హెయిర్‌పిన్‌ని దగ్గరగా చూస్తే ఇదంతా ఒక్కచోటే కనిపిస్తుంది. మిరాబో కుడి మలుపు దిగగానే రోడ్డు పల్లంలోకి పోతుంది, ఎడమకి తిరిగే హెయిర్‌పిన్ వచ్చేస్తుంది. మధ్యలో బండి తిన్నగా ఉండేది క్షణమే. ఫార్ములా 1 కార్లు ఏడాది మొత్తం మీద అన్నిటికన్నా నెమ్మదిగా, గంటకి 50 కి.మీ. దగ్గర తిరిగే మలుపు అదే. పల్లం వల్ల బరువు అప్పటికే ముందున్నది, కాబట్టి బ్రేకు మామూలు కన్నా తేలిగ్గా వేస్తేనే తేలికపడ్డ వెనక చక్రాలు బిగుసుకుని జారవు. కుడి గోడ పక్కనే ఆలస్యంగా ఉండి, మొదటి గేరులోకి దించి, చక్రాన్ని ఒకే ఊపులో పూర్తి లాక్‌కి తీసుకెళ్లి అక్కడే ఆపాలి. లోపలి అంచుని సగం దాటాకే తాకాలి. ముందే తాకితే బయట గోడ ఖాయం. బయటికొస్తూనే వెంటనే కుడి మలుపు ఉంది, అందుకే గ్యాస్ కోసం తొందరపడటం కన్నా చక్రాన్ని ఎంత త్వరగా తిన్నగా చేయగలిగామన్నదే టైము. కారు సెటప్‌లో డిఫరెన్షియల్ ఆఫ్ థ్రాటిల్ (గ్యాస్ వదిలినప్పుడు రెండు పక్కల చక్రాలు ఎంత జతగా తిరగాలో చెప్పేది) విలువ తగ్గిస్తే గ్యాస్ వదిలిన కారు ఇంకాస్త సులువుగా ముక్కు తిప్పుతుంది.

పెడల్ విషయానికొస్తే, జీ29 బ్రేకులో స్ప్రింగ్ లోపల రబ్బరు ముక్క ఉంటుంది. కుర్చీ వెనక్కి జరిగిపోయే ఇంట్లో దాన్ని పూర్తిగా నొక్కడం కుదరక చాలామందికి తెర మీద బ్రేకు 80, 85 శాతం దగ్గరే ఆగుతుంది. గేము క్యాలిబ్రేషన్ తెరలో 100 వస్తోందో లేదో చూసుకోవాలి. రాకపోతే కుర్చీ కదలకుండా చేయడం మొదటి మందు. జీ హబ్‌లో బ్రేకు సెన్సిటివిటీ 50 నుంచి కాస్త పెంచడం రెండోది. కంబైన్డ్ పెడల్స్ అనే ఆప్షన్ ఆఫ్‌లో ఉందో లేదో కూడా అక్కడే చూడాలి, అది ఆన్‌లో ఉంటే గ్యాసూ బ్రేకూ ఒకే గీత మీదికొచ్చి పైన చెప్పిన పద్ధతి అసలు సాధ్యపడదు.

బరంపురం, గోపాలపూర్ వైపు ఉప్పుగాలికీ, వానాకాలం తేమకీ పెడల్ లోపల నొక్కుడుని కొలిచే పొటెన్షియోమీటర్ త్వరగా పాడవుతుంది. కాలు పెట్టకుండానే బ్రేకు గీత ఎగిరెగిరి పడటం దాని గుర్తు. ప్లగ్ తీసేసి, ఎలక్ట్రానిక్స్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, పెడల్‌ని ఇరవై ముప్పైసార్లు నొక్కి, ఆరనివ్వాలి. తుప్పు వదిలించే మామూలు నూనె స్ప్రే వాడితే జిడ్డు మిగిలి దుమ్ము పట్టేస్తుంది.

చూపు, ఆలస్యం

24 అంగుళాల మానిటర్ ఎత్తు సుమారు 30 సెం.మీ. కంటికి 60 సెం.మీ. దూరంలో ఉంటే నిజమైన నిలువు చూపు కోణం 28 డిగ్రీలే. వెడల్పాటి ట్రాకులో అది సరిపోతుంది. హెయిర్‌పిన్ లోపలి అంచు మాత్రం తెర బయటికి పోతుంది, తిప్పేది గుడ్డిగా తిప్పడమే అవుతుంది. మానిటర్‌ని వీల్ మోటారు డబ్బా వెనకకి ఆనించి 45 సెం.మీ.కి తెస్తే 37 డిగ్రీలు వస్తుంది. ఇరుకు ట్రాకుకి గేము సెట్టింగ్‌లో ఈ కోణాన్ని 40 దాకా పెంచుకోవడంలో తప్పులేదు. అంతకన్నా పెంచితే వేగం, దూరం మోసం చేసి బ్రేకు ముందే పడుతుంది.

పెద్ద టీవీ వాడేవాళ్లు గేమ్ మోడ్ ఆన్ చేయకపోతే ఆలస్యం తెలియకుండానే పెరుగుతుంది. గంటకి 72 కి.మీ. అంటే సెకనుకి 20 మీటర్లు. తెర 50 మిల్లీసెకన్లు వెనకబడితే కారు అప్పటికే ఒక మీటరు ముందుకి పోయింది. మకావ్ లాంటి చోట ఆ మీటరే గోడ. వీసింక్ (ఫ్రేముల్ని తెర వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆపేయడం, సెకనుకి ఫ్రేములు 60 కన్నా కిందికి పడకుండా గ్రాఫిక్స్ తగ్గించడం ఇక్కడ అందం కన్నా ముఖ్యం.

బిగింపు, కరెంటు, పాత వీల్

వీల్‌ని ప్లాస్టిక్ బల్లకి క్లాంపుతో బిగిస్తే హెయిర్‌పిన్‌లో బల్లే తిరుగుతుంది. మోటారు బలంలో కొంత బల్ల ఊగడానికి పోతే, టైరు జారే కబురు చేతికి అందదు. ఏ వెల్డింగ్ షాపులోనైనా ఒకటిన్నర అంగుళాల చదరపు పైపుతో స్టాండు కట్టిస్తారు. పైన 18 మి.మీ. ప్లైవుడ్ వేసి, వీల్ అడుగున కంపెనీ ఇచ్చిన బోల్టు రంధ్రాలకి సరిపడే కన్నాలు వేయించాలి. పెడళ్లు టైల్స్ నేల మీద జారకుండా ఆ స్టాండుకే కింద అడ్డపట్టీ పెట్టించి ఆనించాలి. చక్రం పైఅంచు మీద మణికట్టు ఆనేంత దూరంలో కూర్చుంటే 240 డిగ్రీల తోపుకి భుజం లేవక్కర్లేదు.

కరెంటు పోయి వచ్చినప్పుడు చాలా వీల్స్ వాటంతటవే అటూ ఇటూ చివరిదాకా తిరిగి మధ్యని వెతుక్కుంటాయి. ఆ కొన్ని సెకన్లు చక్రం ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మధ్య తప్పుగా కూర్చుంటుంది, తర్వాత కారు తిన్నటి రోడ్డులో ఒక పక్కకే లాగుతుంటే ఆటగాడు సెటప్‌లో తప్పు వెతుకుతాడు. పీసీతో పాటు వీల్ అడాప్టర్‌ని కూడా యూపీఎస్‌కే తగిలిస్తే ఈ బెడద ఉండదు. మే నెల ఎండల్లో టీ300 లాంటి వీల్ గంటసేపు ఇరుకు ట్రాకులో తిరిగితే మోటారు వేడెక్కి బలం తగ్గించుకుంటుంది. ఫ్యాను గాలి దాని వెనకవైపుకి తగిలేలా పెట్టి, గెయిన్ ఒక 10 శాతం తగ్గించుకుంటే నిలకడగా ఉంటుంది.

విశాఖపట్నం నుంచో భువనేశ్వర్ నుంచో పాత వీల్ కొనేవాళ్లు చూడాల్సింది పైపూత కాదు, మధ్య. లాజిటెక్ జీ25, జీ27ల్లో మోటారు మీద తిరుగుడుని కొలిచే చిన్న ఎన్‌కోడర్ చక్రం పగిలి జారడం అందరికీ తెలిసిన జబ్బు. విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల కిటికీ తెరిచి, చక్రాన్ని మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి పదిసార్లు, తర్వాత వేగంగా పదిసార్లు తిప్పి తిన్నగా ఆపాలి. గుర్తు మళ్లీ సరిగ్గా మధ్యలోకే రావాలి. మెల్లగా తిప్పినప్పుడు సరిగ్గా ఉండి వేగంగా తిప్పినప్పుడు పక్కకి జరిగితే ఎన్‌కోడర్ పగిలినట్టే. వెడల్పాటి ట్రాకులో ఆ తేడాతో నెట్టుకురావచ్చు. హెయిర్‌పిన్‌లో వేగంగా తిప్పిన ప్రతిసారీ మధ్య ఇంకాస్త జరుగుతుంది కాబట్టి, ఆ భాగం మార్పించే ఖర్చు ధరలోంచి తగ్గించకపోతే ఆ వీల్ తీసుకోకూడదు.